రాదు

మునిసిపాలిటోళ్ళు అక్షరానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తరు.
వత్తుకు వేరే పైస లేదు, గుణింతం ఉత్తగనే.
ముప్పై ఏండ్ల సంది పాలమూరు గోడల మీద
నేను అన్నిటికన్న ఎక్కువసార్లు రాసిన మాట ఒక్కటే:
రాదు.

ఇక్కడ ఉమ్మరాదు.
బండ్లు నిలుపరాదు. పోస్టర్లు అంటించరాదు.
రాత్రి పదింటి తర్వాత డీజే పెట్టరాదు.
చెరువు కట్ట మీద చెత్త పారబోయరాదు.
ఆ గోడ కాడ చెత్త నా నిచ్చెన రెండో మెట్టు దాకా ఉండె,
ఒక కుక్క పండుకొని ఉండె, లెమ్మన్నా లెవ్వలే.
దాన్ని దాటుకొని రాసిన.

ర కు దీర్ఘం, ద కు కొమ్ము.
కండ్లు మూసుకొని గూడ పెడుత.

ఇంట్ల గూడ అదే మాట నడుస్తది.
బిల్లు? ఈ నెల రాదు.
నల్ల? ఇయ్యాల రాదు.
తాతా నీకు ఇంగ్లీషు వస్తదా అని అడుగుతది మనవరాలు.
రాదు బిడ్డా,
నో పార్కింగును బొమ్మ లెక్క గీస్త గంతే.

పోయిన ఎండకాలం కొత్త కమిషనర్ వచ్చిండు.
గడియారం చౌరస్తా నుంచి రామయ్యబౌలి దాకా
రోడ్డు అంచుకు పసుపు గీత కొట్టుమన్నరు.
తోపుడుబండ్లు గీతకు లోపటనే ఉండాలె,
దాటితే అయిదు నూర్లు జుర్మానా.
గీత నేనే కొట్టిన.
సుద్దపొడి రాసి, దారం గుంజి పట్టి,
ఒక్క వేలు వంకర పోనియ్యలే.
ఇంజనీరు చూసి, కుర్మయ్యా, తీగ లెక్కున్నది అన్నడు.
ఆ మాట ఇంటికి పోయి మా ఆమెకు రెండుసార్లు చెప్పిన.

జంగమ్మ మిర్చి బండి గీతకు రెండడుగులు బయట ఉండె.
జవాన్లు వచ్చి వెనక్కి నూకిచ్చిన్రు.
ఆమె లొల్లి పెట్టలే.
గోడ దిక్కు చూసి, ఏం రాసినవన్నా అని నన్నే అడిగింది.
చదివి చెప్పిన.
నా రాత నేను పైకి చదువుడు అదే మొదలు.

లోపట, సరిగ్గ గీతకు ఆనుకొని,
మోరీ మీది బండ పలిగి ఉండె.
గీత కొట్టేనాడే చూసిన.
ఆడికి రాంగనే బ్రష్ ఎత్తి
అవుతల మళ్ళ ఆనిచ్చిన.
గంతే.

సంతనాడు, మసక చీకట్ల,
బండి చక్రం అండ్ల దిగింది.
బాండిల్ల నూనె మసులుతుండె.

పెద్ద దవాఖాన్ల పోయి మంచం కాడ నిలవడ్డ.
చేతులకు పసుపు రంగు ఇంక పోలే, జేబుల పెట్టుకున్న.
ఏం అనాల్నో తెల్వలే.
నా బండి ఎవలన్న చూస్తున్రా, అన్నది జంగమ్మ.

ఆ రాత్రి డబ్బాల ఎర్ర రంగు ఇంత అడుగు మిగిలి ఉండె.
ఆర్డరు లేదు. కొలత లేదు. దారం పట్టలే.
గోడ మీద నడుమెత్తున రాసిన:
ఈడ గుంత ఉన్నది. పైలం.

పైలం.
ముప్పై ఏండ్ల కాగితాలల్ల
ఒక్క సార్ గూడ నాకు ఆ మాట రాసియ్యలే.
మా అవ్వ నన్ను బస్సెక్కిచ్చి
కిటికీ సువ్వ పట్టుకొని అంటుండె.
రంగుల ఎట్లుంటదో ఎరుక లేక
ఐత్వం రెండుసార్లు తుడిచి పెట్టిన.

తెల్లారంగనే ఫోను.
ఎవలు రాయమన్నరు? సర్కారు గోడ మీద భాష గిట్లుంటదా?
సున్నం కొట్టు.
కొడుత సార్ అన్న. పోలే.

తర్వాత ఎప్పుడో కొత్త బండ పడ్డది.
జంగమ్మ కుంటుకుంట గీత లోపటనే మిర్చి వేస్తది,
నాకు రెండు ఎక్కువ పెడుతది, అది నాకు గొంతు దిగదు.
ఎర్ర రంగు ఎండకు వెలిసి గాజుల రంగు అయింది.
గుంత లేకున్నా ఆటోలోళ్ళు ఆడ
చక్రం ఇంత పక్కకు మలుపుతరు.
పైలం కాడ ఆపన్నా, అంటరు దిగేటోళ్ళు.

నిన్న మళ్ళ పిలిచిన్రు. ఇరవై గోడలు.
చైనా మాంజా అమ్మరాదు, కొనరాదు, వాడరాదు.
మూడు రాదులు, మంచి గిరాకే.
నిచ్చెన ఆనిచ్చిన.
కింద నేల గట్టిగున్నదా లేదా
కాలుతోని రెండుసార్లు తట్టి చూసి
ఎక్కుతున్న.