టార్చీలు ఎడమకే

మహబుల్లా క్యాంపు, నాలుగో అంతస్తు.
పై బంకు మీద రాజేశం
పగిలిన ఫోన్ల ఇనుము తవ్వుతుండు.

"నిల్చున్న తాన్నే కిందికి కొట్టకే, లావాల వడ్తవ్.
రెండు బ్లాకులు ఇడిసి ఇంకో సొరంగం తియ్యి,
నడిమిట్ల ఏమున్నా ఏదో దిక్కు కనవడ్తది.
వజ్రం ఒక్కటే ఉండది, సుట్టూ గోకు.
పోంగ టార్చీలు ఎడమ గోడకే పెట్టు.
కుడికి కనవడ్తున్నయంటే
బయటికొస్తున్నట్టు."

పొద్దంత పైపులైను కందకంల గడ్డపార.
రాత్రి గూడ తవ్వుడేనారా అంటే
"ఈడ దొరికింది నా సంచిలనే వడ్తది" అన్నడు,
బ్యాటరీ మూడు శాతం.

తెల్లారగట్ల బస్సుల
రిఫైనరీ మంట ఎడమకు.
ఎన్నడు సూడనట్టు సూసిన.

మాపటీలి వాపసొస్తుంటే
అదే మంట, కుడికి.
రాజేశం మోచేతితోని పొడిసిండు.

బస్సు ఆగింది.
క్యాంపు గేటు.