తలా పిడికెడు

టొలీడో నగరం, ఫిబ్రవరి, కోర్టు మూడో అంతస్తు.
బల్ల చుట్టూ ఎనిమిదిమందిమి.
నేను ఐదో నంబరు జ్యూరీ సభ్యురాల్ని.
ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పినదాన్ని,
ఎవరి పళ్ళెంలో ఎంతో చూపుతోనే కొలవగలను.
ఈ కాగితం ముందు మాత్రం చెయ్యాడదు.

నాలుగు గళ్ళు. అన్నీ కలిపితే నూరు రావాలి.
తప్పు ఎవరిది నూటికి ఎంత,
అంతే ప్రశ్న.

బండి తోలినవాడు యోనాస్ టెస్ఫాయ్.
చొక్కా రంగు కంపెనీది, టోపీ కంపెనీది,
బండి ఒంటి మీద బొమ్మ కంపెనీది.
మనిషి మాత్రం కంపెనీ మనిషి కాదట.
మధ్యలో ఒక కాంట్రాక్టరు,
ప్రమాదం జరిగిన పద్నాలుగో రోజున బోర్డు తిప్పేసినవాడు.
"అతను స్వతంత్రుడు" అన్నాడు బూడిదరంగు సూటు లాయరు,
మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా.

స్వతంత్రుడి నెత్తిన ఒక కెమెరా,
ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేది.
సామెత కాదు, సాక్ష్యం. మూడో నంబరు కాగితం.
ఆ పూట ఆరు ఆవలింతలు,
ఆరింటికీ గంటలూ నిమిషాలూ సెకన్లూ.
నూట తొంభై రెండు పెట్టెలు, తొమ్మిది గంటలు.
ఎక్కడ తిరగాలో ఫోను చెప్పింది.
ఎక్కడ ఆగాలో చెప్పలేదు.

బెర్నాడెట్ కోవల్‌చిక్
బడిపిల్లల్ని రోడ్డు దాటించే మనిషి.
ఆ సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక
తనొక్కతే దాటింది,
తెల్లచారలకు నాలుగడుగుల ఇవతల.
ఆ నాలుగడుగుల మీద ఒకటిన్నర రోజు వాదించారు.
ఇంజనీరొకడు టేపు పట్టి మరీ చూపించాడు.
ఇప్పుడామె కుర్చీలోంచి లేవాలంటే
ముందు బల్లని అడుగుతుంది, తరవాత మోకాలిని.

పదకొండో నంబరు కాగితం గురించి ఎవరూ మాట్లాడలేదు.
ఆ బండిలోని ఒక పెట్టె కోసం ఎదురుచూస్తున్న ఎవరికో
గంటా పది నిమిషాల్లో వెళ్ళిన ఉత్తరం అది.
ఆలస్యానికి మన్నించండి,
మీ కోసం ఐదు డాలర్ల కూపన్.
పెట్టెలో కుక్కకు వానకోటు.

రెండున్నరేళ్ళలో బెర్నాడెట్‌ని
మన్నించమన్నవాడు ఒక్కడే.
బోనులో కూర్చుని, తన లాయరు లేచి వద్దనేలోగా,
యోనాస్ అనేశాడు.
జడ్జిగారు మమ్మల్ని విననట్టు ఉండమన్నారు.
విన్నాను.

"బ్రేకు మీద కాలెవరిది?" అన్నాడు రెండో నంబరు,
టైర్ల కొట్టాయన. కాదనలేను.
"ఆ కాలి మీద బరువెవరిది?" అంది ఆరో నంబరు పిల్ల,
గోళ్ళరంగు గీకుతూ.
కాఫీ రెండుసార్లు చల్లారింది.

తిలాపాపం తలా పిడికెడు.
పిడికిళ్ళే ఒక్క కొలత కావు.
కంపెనీకి అరవై రెండు, కాంట్రాక్టరుకి ఇరవై,
యోనాస్‌కి పదమూడు.
బెర్నాడెట్‌కి ఐదు.
నాలుగడుగులకి ఐదు.
రాస్తుంటే పెన్ను ఆగింది, విదిలించి మళ్ళీ రాశాను.
ఆరుగురం సంతకం పెట్టాం, ఆరు చాలు.
టైర్లాయన పెట్టలేదు. ఇంకొకాయన
కిటికీలోంచి నదిని చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మెట్టు మీద అట్టపెట్టె.
బిస్కెట్ల అచ్చులు. నేనే తెప్పించుకున్నాను,
రేపటికల్లా కావాలని టిక్కు పెట్టి.
ఎందుకంత తొందరో ఇప్పుడు గుర్తు రాదు.

ఆ కాగితం మీద ఐదో గడి లేదు.

మంచు కురుస్తోంది, గుర్తులింకా పూడలేదు.
గేటు నుంచి మెట్టు దాకా వచ్చిన అడుగులు
దగ్గరదగ్గరగా ఉన్నాయి, బరువు మోసినట్టు.
వెళ్ళిన అడుగులు దూరదూరంగా.
పరుగెత్తాడు.