చివరి జానెడు

క్లైవ్ నన్ను మోసం చేసిన మాట నిజమే గానీ
మంచినీళ్ళిచ్చి మరీ చేశాడు.
జనవరి ఎండ. ఇప్స్విచ్‌లో రైలు పట్టాల పక్క వీధి.
"ఇంత దూరం బస్సులో వచ్చావా, పాపం" అన్నాడు.
గ్లాసులో ఐసు ముక్కలు గలగలమన్నాయి.

కారు వాళ్ళత్తగారిదట.
ఆదివారం చర్చికి, బుధవారం జుట్టు సెట్టింగుకి,
అంతకు మించి తిరిగి ఎరగదట.
తెల్ల కరోలా. మీటరు మీద డెబ్బై రెండు వేలు.
బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం
ఏటి రాయిలా నున్నగా అరిగి ఉంది.
ఎన్ని బ్రేకులేసుకుంటూ దేవుడి దగ్గరికి వెళ్ళేదో ఆవిడ!

బానెట్ మీద చెయ్యి వేశాను. వెచ్చగా తగిలింది.
"ఇప్పుడే పాలకి వెళ్ళొచ్చా" అన్నాడు.
చల్లారిన ఇంజను ఎలా దగ్గుతుందో
నేను వినకుండా
పాలు అడ్డం వచ్చాయి.

ఇవన్నీ చూశాను. చూసీ కొన్నాను.
నా నైట్ డ్యూటీ పదకొండుకి, ఆఖరి బస్సు తొమ్మిదికి.
అవసరం ముందు సీట్లో కూర్చుంటే
అనుమానం వెనక సీట్లోకి పోతుంది.
ఏడు వేల రెండొందలు, నగదు.
రసీదు మీద సంతకం కోడి కెలికినట్టుంది.

మొదటి వాన రాత్రి తెలిసింది.
అద్దాలు ఎత్తుకుని సిగ్నల్ దగ్గర ఆగితే
అట్టముక్క పైన్ చెట్టు వాసన వెనకనించి
ఇంకో వాసన మెల్లగా లేచి కూర్చుంది.
నేను లంకల్లో పుట్టినదాన్ని.
గోదారి ఇంట్లోకొచ్చి వెళ్ళిన మర్నాడు
బియ్యం డబ్బా, బడి పుస్తకాలు, నులక మంచం
అన్నీ ఒకటే వాసన.
ఏ దేశపు ఏరైనా
ముంచినదాని మీద పెట్టే సంతకం అదే.
దాన్ని చదవడానికి నాకు లైటు అక్కర్లేదు.

ఇంటికొచ్చి సీటు బెల్టు పట్టుకు లాగాను.
లాగుతూనే పోయాను,
ఎవరూ ఎప్పుడూ లాగనంత దూరం.
చివరి జానెడులో మట్టిరంగు గీత. ఎండిన ఒండ్రు.
క్లైవ్ తివాచీలు మార్చాడు, సీట్లు కడిగాడు,
మీటరుకి వయసు తగ్గించాడు.
బెల్టు గురించి తోచలేదు పాపం.

ఫోను చేస్తే
ఈ నంబరు వాడుకలో లేదని ఎవరో ఎంతో మర్యాదగా చెప్పారు.
ఇల్లు ఖాళీ.
"అత్తగారా? వాడికి పెళ్ళే కాలేదే!"
పక్కింటావిడ గోడ మీంచి నవ్వింది.
ఆవిడతో పాటు నేనూ నవ్వాను, ఏం చెయ్యాలో తెలీక.

పదకొండు నెలలు నడిపాను.
ఇప్పుడు కుడి పక్కకి ఇండికేటర్ వేస్తే వైపర్లు లేస్తున్నాయి.

అమ్మేద్దామని ప్రకటన రాశాను.
"నర్సు వాడిన కారు. డ్యూటీకి, ఇంటికి. అంతే."
ఒక్క ముక్క అబద్ధం లేదు.
పైకి చదువుకుంటే మటుకు క్లైవ్ గొంతు.
కొత్త పైన్ చెట్టు కూడా కొన్నాను, మూడు డాలర్లు.
కవరు చింపలేదు.

శనివారం బిబేక్ వచ్చాడు, నేపాలీ కుర్రాడు,
సైకిల్ మీద పిజ్జాలు మోస్తాడు.
చెమటకి హెల్మెట్ పట్టీ నల్లబడింది.
మంచినీళ్ళిచ్చాను. ఇచ్చేటప్పుడు చెయ్యి వణికింది.
ఏమీ అడక్కముందే
బెల్టు చివరిదాకా లాగి చూపించాను.
మీటరు సంగతి, వైపర్ల సంగతి,
ఏ వరదో నాకే తెలియని వరద సంగతి.
విడిభాగాల ధర చెప్పాను.

అతను బెల్టుకేసి చూశాడు. నాకేసి చూశాడు.
"ఇంత చెప్తున్నావంటే దీదీ,
చెప్పనిది ఇంకెంత ఉందో!"
గ్లాసు ముట్టుకోకుండా మెట్టు మీద పెట్టి
సైకిలెక్కాడు.

సాయంత్రమైంది.
లాగిన బెల్టు వెనక్కి పోవడం లేదు.
అది లోపలికి పోయేదాకా
తలుపు పడదు.