ఇది చేప కాదు

రాయపురంలో వాసన గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.
కాసిమేడు వైపు నుంచి గాలి తిరిగితే
ఆరేసిన బట్టలకీ, పిల్లల నోటు పుస్తకాలకీ
కాస్త వంజరం అంటుకునే ఉంటుంది.

కన్నబిరాన్ శెట్టిగారు మాత్రం చేశారు.
రెండు నెలలుగా, పక్క వాటా ఫిలోమినా మీద,
ఇంటాయనకి మూడుసార్లు,
ఆమె మొహం మీదే ఒకసారి:
"మా పడగ్గదిలోకి వస్తోందమ్మా నీ కరవాడు!"

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.
గడప దాటలేదు. ఎవరూ దాటమనలేదు.
వేలంలో బుట్ట ముందు ఎత్తినట్టు
ముక్కు ఎత్తింది.
"ఇది చేప కాదు.
ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నా.
పచ్చిది తెలుసు, ఎండింది తెలుసు, మురిగింది తెలుసు.
ఇదేదో చేపలా నటిస్తోంది.
కరెంటాయన్ని పిలవండి."

అలా నన్ను పిలిచారు.

టెస్టరు కంటే ముందు నేను గోడకి చెవి పెడతాను.
ఏసీ వేయమన్నాను.
మొదట ఏమీ లేదు.
కాసేపటికి, ఎక్కడో నాలుగిళ్ల అవతల
ఎవరో పెసలు వేయిస్తున్నట్టు.

ప్లేటు విప్పితే
తెల్లగా ఉండాల్సింది డికాక్షను రంగులో ఉంది.
ఉప్పుగాలికి పచ్చబారిన రాగి,
ఎవరి తొందరలోనో అరచుట్టు మిగిలిపోయిన స్క్రూ.
వైరుకీ దానికీ నడుమ వెంట్రుకంత ఖాళీ.
ఆ ఖాళీలో రాత్రంతా
ఓ పిల్ల మెరుపు అటూ ఇటూ దూకింది,
శెట్టిగారి తలగడకి మూరెడు దూరంలో.

"ఎంసీబీ ఉందిగా, ఎందుకు పడలేదు?"

దానికి తెలిసింది ఒకటే మాట, ఎక్కువ.
ఇక్కడ ఎక్కువేం లేదు శెట్టిగారూ,
చూస్తే కొంచెం తక్కువే.

"ఆ పక్కది? పోయినేడు నువ్వే పెట్టావు."

అది షాకు కొట్టకుండా.
పోయిందీ వచ్చిందీ సరిచూస్తుంది, మీ కొట్లో చిట్టాలాగా.
ఇక్కడ పైసా బయటికి పోలేదు. లెక్క సరిపోయింది.
ఇల్లు కాలుతున్నా
లెక్క సరిపోతూనే ఉంటుంది.

మూడోదొకటి ఉంది, అన్నాను. అది వింటుంది.
మిక్సీ గొణుగుడూ, రెగ్యులేటరు సణుగుడూ,
స్విచ్చి వేసినప్పటి చిటుక్కూ విని వదిలేస్తుంది.
ఇదిగో, ఈ పెసల చప్పుడు దగ్గర
వెంటనే పడిపోతుంది.

"ఎంత?"
చెప్పాను.
"రూలుందా?"
పెట్టుకుంటే మంచిదంటారు.
పెట్టి తీరాలని నాతో ఎవరూ అనలేదు.

ఆ రెండు మాటల నడుమ కూడా
వెంట్రుకంతే ఖాళీ.

శెట్టిగారు వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటున్నారు.
వాసవాంబగారు ఏమీ లెక్కపెట్టలేదు.
కాలిన ప్లేటుని కొంగులో పట్టుకుని
పక్క వాటాకి నడిచారు.
అక్కడ ఏమన్నారో నాకు వినపడలేదు.
నా చెవికి గోడలో మాటలే అలవాటు.

నాకింకా పని ఉంది.
బీరువా కాలి కింద నలిగిన ఫ్రిజ్ వైరు,
క్యాలెండరు కోసం కొత్తగా కొట్టిన మేకు,
మేకు వెనక పైపు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

శుక్రవారం వెళ్లి పెట్టాను.
ఒక్క పడగ్గది లైనుకే,
మిగతావి దీపావళి దాటాక చూద్దామన్నారు.
పరీక్ష మీట నొక్కితే టప్పున పడింది.
శెట్టిగారు ఉలిక్కిపడి, మళ్లీ నొక్కమన్నారు.
మూడోసారి ఆయనే నొక్కారు.

ఫిలోమినా వచ్చింది.
ఈసారి లోపలిదాకా, బోర్డు దాకా.
చెయ్యి నడుముకి తుడుచుకుని ముక్కు ఎత్తింది.
మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"ఇప్పుడొచ్చేది చేపే.
వంజరం. మా పొయ్యి మీదిదే."

శెట్టిగారు తలూపారు.
కిటికీ మాత్రం వేయలేదు.