మూడో కాలం

పొద్దు పొడవక ముందే
గంటన్నర లేటుగా అనంతపురంలో దిగినారు ఇద్దరు.
ముందు పెద్దాయన, సత్యబోధానంద.
చేతిలో దండం కాదు, మోకాళ్లకు ఊతకర్ర.
వెనక చిన్నాయన, వీపున ల్యాప్‌టాప్ సంచి,
కాషాయం అంచున రైలు నూనె మరక.
నేను పట్టుకున్న అట్ట మీద వాళ్ల పేర్లు తప్పు.
వాళ్లే చదువుకోని, నవ్వుకుంటా నా కాడికొచ్చినారు.

యూనివర్సిటీలో నా పని రిజిస్ట్రేషన్ బల్ల.
సంచీ, పెన్ను, మెడకు కార్డు, ఇక్కడొక సంతకం.
ప్రొఫెసర్లు భోజనం కూపన్లు రెండుసార్లు లెక్కబెట్టుకుంటారు.
ఈయన ఫారం ముందర పెట్టుకోని
శానాసేపు కూచున్నాడు.
మూడో కాలం: తండ్రి పేరు.
"రాయకుంటే?"
"బిల్లు పాస్ గాదు సామీ,
ఆడిట్ వాళ్లు ఎర్రసిరాతో సున్నా చుడతారు."
"నాకు నేనే పిండం పెట్టుకున్నా నాయనా,
నలభై ఏండ్ల కింద.
నా పేరుతో పాటే ఆయన పేరూ తుంగభద్రలో విడిచినా."
చిన్నాయన పెన్ను అందుకోని గురువు పేరు రాసేసినాడు.
శాశ్వత చిరునామా కాడ మాత్రం
ఇద్దరూ నా మొగం చూసినారు.
యూనివర్సిటీ అడ్రసే రాసినా.
పదకొండేండ్లుగా ఏడాదికోసారి రెన్యువలయ్యే నాకు
అంతకంటే శాశ్వతం ఏం తెలుసు!

పేపరుకు ఇరవై నిమిషాలన్నారు, పన్నెండిచ్చినారు.
ప్రశ్న అడుగుతానని లేచినాయన
ప్రసంగం చేసి కూచున్నాడు.
"తమరు చెప్పిందే నిజం గావచ్చు" అన్నాడు పెద్దాయన,
చదవని మూడు పేజీలు మడిచి
సంచీలో కాదు, బొడ్లో దోపుకున్నాడు.

మర్నాడు జీపులో మా తాడిపత్రి.
దోవలో ఉగ్గాని. ఎర్రగడ్డ ల్యాకుండా.
హోటలామె గంటె పట్టుకోని రొంతసేపు ఆలోచన చేసింది:
"ఎర్రగడ్డ ల్యాకుంటే అది ఉగ్గాని యాడైతాది సామీ,
ఉత్త నానిన బొరుగులు!"
అయినా బాండలి మల్లా కడిగింది,
పచ్చిమిరక్కాయా పప్పులపొడీ వేరే నూరింది,
దుడ్లిస్తే చేతులు కొంగులో దాచుకుంది.

పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడు.
ఏట్లో నీళ్లు లేవు, ఇసకలో ట్రాక్టరు గీతలు.
తల లేని గోపురం,
చెక్కినకాడికి చెక్కి
ఎవురో కేకేసినట్టు
ఉలి ఆడనే పెట్టి లేచిపోయినారు.
చిన్నాయన ఫోను పైకెత్తి
మిగతాది ఆకాశంలో వెతుకుతాండాడు.
"పూర్తి చెయ్యలేదే?"
పెద్దాయన జవాబియ్యలేదు,
ఒక రాతి హంస ముక్కు బొటనేలితో తుడిచినాడు.
ఏలుకు తెల్లగా బండల ఫ్యాక్టరీ దుమ్ము.

లోపల, లింగం కాడ,
నీళ్లు ఊరతానే ఉండాయి.
అర్చకుడు పళ్లెం పట్టుకోని "గోత్రం?" అన్నాడు.
పెద్దాయన
ఫారం ముందర చూసినట్టే చూసినాడు.
"ఈయన పేరున చెయ్యండి."
నాకు మాత్రం ఏం తెలుసు?
మా నాయన చెప్పలేదు.
గోత్రం అడిగేచోటికి
మమ్మల్ని పిలిచిందీ తక్కువే.
"తెలీనోళ్లకు శివగోత్రం" అని అర్చకుడే సర్దుకున్నాడు.
"పేరు?"
నా పేరు నోటికి రాలేదు.
లిఖిత, అన్నా.
నా కూతురు. కులం సర్టిఫికెట్టుకని
మొన్న మీసేవ ముందర మూడుదినాలు నిలబడింది.
పెద్దాయన కండ్లు మూసుకోని విన్నాడు ఆ పేరు.
పెదాలు కదిలినాయి.
ఏమనుకున్నాడో నేనడగలేదు.

నెలకు బిల్లు వాపసొచ్చింది.
మూడో కాలం కాడ సున్నా, ఎర్రదే:
"ఆధార్‌తో సరిపోలలేదు."
మఠానికి ఫోన్ చేస్తే చిన్నాయన ఎత్తినాడు.
"ఆ డబ్బు వద్దన్నారు స్వామి.
ఆ రోజు మనకు ఉగ్గాని పెట్టినామె
పేరేందో కనుక్కోమన్నారు."

ఏండ్లుగా తింటాండా ఆమె చేతి తిండి.
పేరడగలేదు.
ఈ ఆదివారం పొయ్యి రావాల.