ఏడో నంబరు డ్రయ్యరు

బాల్టిమోర్‌లో, గ్రీన్‌మౌంట్ రోడ్డు మీద
రాత్రంతా తెరిచుండే లాండ్రీకి కాపలా నేను.
చిల్లర మార్చడం, సబ్బుపొడి అమ్మడం,
కుర్చీలో నిద్రపోయినవాళ్ళ బట్టలు తీసి
బల్లమీద పెట్టడం.
పదకొండేళ్ళు.

పైన ఒక గది, ఒకప్పుడు పళ్ళ డాక్టరుది.
ఆ చలికాలం వెర్నీటా అద్దెకు తీసుకుంది.
గోడలకు గుడ్లట్టలు అంటించి,
కిటికీకి రెండు పాత పరుపులు ఆనించి,
ఇదే స్టూడియో అంది.
నవ్వాను.
తను నవ్వలేదు.

కింద యంత్రాలు తిరిగితే పైన మైకు వణుకుతుంది.
అందుకని మాకో ఒప్పందం:
రెండు దాటాక మడమతో నేలమీద మూడుసార్లు కొడుతుంది,
నేను యంత్రాల స్విచ్చి దించుతాను.
నాలుగు నిమిషాలు
ముప్పై రెండు గుండ్రటి నోళ్ళు మూతపడతాయి.
తడిబట్టలు తడిగానే ఎదురుచూస్తాయి.
కస్టమర్లు నన్ను తిడతారు.
ఆ నిశ్శబ్దంలోకి మెట్లమీదుగా
ఆమె గొంతు దిగివస్తుంది.

మొదట మాటలు.
మాటమీద మాట, ఊపిరికి సందు లేకుండా,
అద్దె బకాయి, అక్క పెళ్ళి చెడిన వైనం,
పోలీసు టార్చి ముఖాన పడ్డ రాత్రి,
ఉక్కు ఫ్యాక్టరీ మూసేసి ఆరేళ్ళయినా
నాన్న రోజూ కడిగి బోర్లించే లంచ్ డబ్బా,
అన్నీ గచ్చుమీద గోళీలు ఒలికినట్టు.
ఉన్నట్టుండి ఏదో ఒక మాట దగ్గర ఆగి
దాన్ని సాగదీస్తుంది.
సాగి, సాగి, ఆ మాట
పాటవుతుంది.
ఎక్కడ అయిందో పట్టుకుందామని
ఎన్ని రాత్రులు మెట్ల మొదట్లో నిల్చున్నానో!
పాలు ఏ క్షణాన తోడుకున్నాయో
ఎవరైనా చూశారా?

దరువు కోర్టెజ్‌ది. పందొమ్మిదేళ్ళ పిల్లాడు.
పాత రికార్డుల్లోంచి గుప్పెడు ఆర్గాను,
చిటికెడు బేసు తీసి పోపు పెట్టేవాడు.
ఒక రాత్రి నేను స్విచ్చి దించబోతే
ఆగాగు అంటూ పరుగున దిగొచ్చాడు.
ఏడో నంబరు డ్రయ్యరులో ఎవరిదో నీలం కోటు.
ఇత్తడి బొత్తాం ఒకటి లోపలి రేకుకు తగిలి
టక్... టట్టక్... టక్...
ఒక దెబ్బ కాస్త ఆలస్యంగా,
మోకాలి నొప్పున్న మనిషి మెట్లెక్కినట్టు.
మిగతావన్నీ ఆపి అదొక్కటీ తిరగనిమ్మన్నాడు.
మైకుని కిందికి దించి
చంటిదానికి పాలసీసా అందించినట్టు
ఆ యంత్రం నోటి దగ్గర పట్టుకు కూచున్నాడు.

మిసెస్ ఎర్లీన్ గేథర్స్, చర్చి గాయని,
గురువారం గురువారం దుప్పట్లు తెస్తుంది.
ఆ గబగబ మాటలంటే ఆమెకు ఒళ్ళుమంట.
"దేవుడికైనా అర్థమయ్యేలా పాడమను" అనేది.
యంత్రాలు ఆగిన ఆ నాలుగు నిమిషాల్లో
తోచక, దుప్పటి మడతపెడుతూ,
పైనున్న పాటకు కిందనుంచి కూనిరాగం కలిపింది.
కలిపినట్టు ఆమెకే తెలీదు.
ఐదో పాట చివర్లో వినండి,
పునాదిలా ఒక ముసలి గొంతు.
పేరు వేస్తామంటే వద్దంది.
క్యాసెట్లు మాత్రం ఆరు కొంది.

మే నెలలో వచ్చింది ఆల్బం.
ఐదువందల కాపీలు,
కోర్టెజ్ మామయ్య కారు డిక్కీలో.
అట్టమీద వెర్నీటా, లాండ్రీ బల్లమీద కూర్చుని,
వెనక గుండ్రటి అద్దాల్లో వీధి దీపాలు.
కృతజ్ఞతల చివర నా పేరూ ఉంది.
లియాండర్‌ని లావెండర్ చేశారు,
నేనమ్మే సబ్బుపొడి వాసన.
నేనేం అనలేదు.

ఎవరో రేడియోలో వేశారట.
ఫిలడెల్ఫియాలో హాలు నిండిందట.
వెర్నీటా ఇప్పుడు అక్కడే ఉంటోందట.
ఈ 'ట'లతోనే సరిపెట్టుకుంటున్నాను.

నిన్న నీలం కోటు మనిషి వచ్చాడు,
హొసేయా టిబ్స్, ఎనిమిదో నంబరు బస్సు డ్రైవరు.
కౌంటరు మీద మూడో పాట పెట్టాను.
మీ బొత్తామే, వినండి, అన్నాను.
తల పక్కకు వాల్చి విన్నాడు.
ఆ ఆలస్యపు దెబ్బ వచ్చిన ప్రతిసారీ
బ్రేకు వదిలినట్టు
అతని కుడికాలు కాస్త లేచింది.

పాటయ్యాక కోటు విప్పి చూపించాడు.
బొత్తాం చోట ఒక దారప్పోగు.

"బాగుంది" అన్నాడు.
"మరి నా బొత్తాం ఎవరిస్తారు?"