రిపోర్టు వెనక

నీళ్ల ల్యాబులో నా ఉద్యోగం.
సీసా మీద చెరువు పేరు, రైతు పేరు, వచ్చిన టైము.
ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత, ప్రాణవాయువు ఎంత,
గళ్ల కాగితం మీద అంకెలు నింపి సంతకం పెడతాను:
కె. హేమనళిని, భీమవరం.

ఆ కాగితానికి వెనకవైపు ఖాళీ.
ఆ ఖాళీలో మూడు నెలలుగా
ఆటలాడే కంప్యూటర్ ఒకటి కడుతున్నాను.

డెబ్బై అయిదు వేలు. పైసా దాటదు.
చీటీ పాడి తెచ్చుకున్న డబ్బు,
పాటలో పోయింది పోగా మిగిలింది.

ముందు గ్రాఫిక్స్ కార్డు రాశాను, ఎవరైనా ముందు అదే రాస్తారు.
మా రొయ్యకి కౌంటు పెరిగితే రేటు పడుతుంది,
ఈ కార్డులకి అంకె పెరిగితే రేటు లేస్తుంది.
వంద కౌంటు దగ్గర మొహం వేలాడేసిన రైతుల్ని చూసి చూసి
పెద్ద అంకె కనబడితే నాకు అలవాటుగా జాలేస్తుంది.
కొట్లో జిలానీ నవ్వాడు:
"ఆ జాలేదో మీ జేబు మీద పడండి మేడమ్."

జిలానీ చెప్పిందే ఇంకోటి.
కాలవంత కార్డు పెట్టి తూమంత ప్రాసెసర్ పెడితే
నీళ్లు లాకు దగ్గరే నిలబడి మీ మొహం చూస్తాయట.
సరే. కార్డు ఒక మెట్టు దిగింది,
ప్రాసెసర్ ఒక మెట్టు ఎక్కింది,
అది కూర్చునే పీట, మదర్‌బోర్డు, మారింది.
పీట మారితే ర్యామ్ మారింది.
ఒక గడి కొట్టేస్తే నాలుగు గళ్లు కదులుతాయి.
చెరువూ ఇంతే, సున్నం వేస్తే పీహెచ్ లేస్తుంది,
పీహెచ్ లేస్తే అమ్మోనియా ఊరుకోదు.

గాజు క్యాబినెట్ మీద మనసు పడ్డాను.
లోపల రంగుల ఫ్యాన్లు, తీర్థంలో రాత్రిపూట రంగులరాట్నంలా.
కానీ మొగల్తూరు వైపు నుంచి వచ్చే గాలి
కిటికీ చువ్వల్నే కొరుక్కు తింటుంది.
ఇక బల్లులు. వెచ్చటి చోటు వాటికి అత్తారిల్లు.
సన్న జాలీ ఉన్నది రాశాను, రంగుల్లేనిది.
గాజుదాని పేరు కొట్టేయలేదు,
చుట్టూ గుండ్రంగా గీసి వదిలేశాను.

అన్నీ కలిపితే నాలుగు వేలు ఎక్కువొచ్చింది.
కోయడానికి ఒకటే కనబడింది, ఎస్‌ఎమ్‌పీఎస్.
ఆటలో కనబడదు, మెరవదు,
పెట్టె అడుగున నల్లగా పడి ఉంటుంది.
ఏడువేలది కొట్టేసి మూడువేలది రాశాను.

ఆ సాయంత్రం లోసరి నుంచి గుబ్బల ఏసుపాదం గారు వచ్చి
బండి ఆపకుండానే రిపోర్టు పట్టుకుపోయారు.
మర్నాడు ఆరింటికి ఫోను:
"అమ్మాయ్, ముందువైపు అర్థమైంది గానీ
వెనకాల ఈ ఎస్సెమ్పీయెస్సు ఏంటి?
ఎకరానికి ఎంత జల్లాలి?"

నవ్వాను. చెప్పాను. ఆయన నవ్వలేదు.
"కరెంటిచ్చేదా అది? మరి ఏడు కొట్టేసి మూడు రాసేవేంటమ్మా?
నిరుడు నేనూ అంతే. జనరేటర్ కాడ కక్కుర్తి పడి
పాతది తెచ్చి పెట్టాను.
తెల్లారగట్ట మూడింటికి కరెంటు పోయింది, అది లెగలేదు.
ఏరేటర్లు ఆగిపోతే చెరువు ఎంత ఊసు లేకుండా ఉంటాదో
నీకు తెలవదు.
పొద్దెక్కేసరికి ఒడ్డంతా తెల్లగా."
కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత,
"ఆటన్నావు. ఏం ఆట?"
ఓడలు, తుఫాను, దీవులు అన్నాను.
"ఓడలకి కూడా కరెంటేనా, ఆయ్" అని పెట్టేశారు.

కొత్త కాగితం తీసుకున్నాను.
ఏడువేలది రాశాను, అన్నిటికన్నా పైన.
కార్డు ఇంకో మెట్టు దిగింది.
తుఫానులో చినుకులు కొంచెం తక్కువ కనబడతాయి,
అలల మీద ఆకాశం అంత నున్నగా పడదు.
ఫర్వాలేదు,
నీళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

అనుకున్నానే గానీ,
రిజిస్టరు తీసి, నిన్నటి వరసలో ఆయన చెరువు వెతికాను.
ప్రాణవాయువు ఆరుంబావు.
అది మధ్యాహ్నం ముంచిన సీసా.
తెల్లారగట్ట మూడింటికి ఎంతుందో
సీసాలో రాదు.